3204నా, 3206నా, 3207నా, 3212నా? పిగ్మెంట్లకు సరైన హెచ్‌ఎస్ కోడ్ ఎంచుకోవడం

ఫ్తాలోసయనిన్ బ్లూ అని ఒక నీలిరంగు పిగ్మెంటు ఉంది. రంగులకు పేర్లూ నంబర్లూ ఇచ్చే అంతర్జాతీయ జాబితా కలర్ ఇండెక్స్‌లో దాని పేరు పిగ్మెంట్ బ్లూ 15. పొడిగా సంచుల్లో నింపి ఓడెక్కిస్తే, కస్టమ్స్‌లో సరుకులను వర్గీకరించే హెచ్‌ఎస్ కోడ్ దానికి 3204.17. పాలిఎథిలీన్‌లో కలిపి గుళికలుగా చేసినా 3204.17 మారదు. నీళ్లలో చిక్కగా కలిపి డ్రమ్ముల్లో పంపినా అంతే. పెయింటు తయారీకని వైట్ స్పిరిట్‌లో నూరి పేస్టు చేశామా, 3212.90కి వెళ్లిపోతుంది. అచ్చు సిరా చేస్తే 3215.19. బొమ్మలు వేసేవాళ్ల ట్యూబులోకి ఎక్కితే 3213. ఫోటోకాపీ యంత్రపు టోనరులో చేరితే 32వ అధ్యాయమే దాటి 3707లోకి పోతుంది. రంగు అదే, అణువు అదే. మారింది వేషం.

కాబట్టి “మాది పిగ్మెంటు, కోడ్ చెప్పండి” అని అడిగితే నిజాయతీగా ఎవరూ చెప్పలేరు. వెంటనే చెప్పేశారంటే అనుమానించాల్సిందే. ఏ రసాయనం, దేనిలో కలిసి ఉంది, ఎలాంటి పనికి తయారైంది అనే మూడు సంగతులూ తెలిస్తే తప్ప కోడ్ తేలదు. ఈ మూడింటినీ ఏ వరసలో అడగాలన్నది కూడా ముఖ్యమే. చాలామంది తప్పు చేసేది వరసలోనే.

హెచ్‌ఎస్ అంటే ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హార్మొనైజ్డ్ సిస్టమ్. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కోడ్‌లో మొదటి రెండు అంకెలు అధ్యాయం, నాలుగైతే హెడింగు, ఆరైతే సబ్‌హెడింగు. ఈ మొదటి ఆరు అంకెలు దాన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతవి ఎవరి లెక్క వారిది: భారత్‌లో ఎనిమిది అంకెలు, అమెరికాలో పది. ఇక్కడ చెప్పేదంతా ఆ ఉమ్మడి ఆరు అంకెల గురించే, అదీ 2022 కూర్పు ప్రకారం. తర్వాతి కూర్పు 2028 జనవరి 1న అమల్లోకి వస్తుంది. రెండు మూడేళ్ల సరఫరా ఒప్పందాల్లో కోడ్ రాసుకునేవాళ్లు ఆ తేదీని గుర్తుంచుకోవాలి.

“ప్రిపేర్డ్ పిగ్మెంట్” అనే మాటలో ఉన్న ఉచ్చు

ఇన్‌వాయిస్ మీద సరఫరాదారు “ప్రిపేర్డ్ పిగ్మెంట్” అని రాస్తాడు. టారిఫ్ పుస్తకంలో ఆ మాట కోసం వెతికితే నేరుగా 3207 దగ్గర తేలతాం. ఆ హెడింగ్ మొదలయ్యేదే ఆ మాటతో. ఇంకేం, దొరికిందనుకుని 3207.10 రాసేస్తారు. కానీ ఆ వాక్యం చివరిదాకా చదివితే అసలు షరతు కనబడుతుంది: సెరామిక్, ఎనామిల్, గాజు పరిశ్రమల్లో వాడే తరహావి మాత్రమే అని. ప్లాస్టిక్‌కో, గోడ రంగుకో, కాంక్రీటుకో ఉద్దేశించిన పిగ్మెంటును ఎంత “ప్రిపేర్” చేసినా అది 3207 గడప తొక్కదు.

ఇలాంటి మాటే 3210లోనూ ఉంది. తోలుకు మెరుగు పెట్టడానికి వాడే నీటి పిగ్మెంట్లకు అది పరిమితం. తోలు పనివాళ్లకు తప్ప మిగతా వాళ్లకు దానితో పని పడదు.

“వాడే తరహావి” అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇది ఈ కొనుగోలుదారు ఈ డ్రమ్మును దేనికి వాడతాడన్న ప్రశ్న కాదు. సరుకు స్వభావం ఏమిటి, దాన్ని ఎలాంటి పరిశ్రమ కోసం తయారు చేస్తారు అన్నదే ప్రశ్న. టైల్స్ కోసం కాల్చి తయారు చేసిన స్టెయిన్‌ను (రంగు పొడిని) ఎవరో సరదాగా ఇంకో పనికి కొన్నంత మాత్రాన దాని తరహా మారదు. కొనుగోలుదారు “నేను దీన్ని సెరామిక్‌లో వాడతాను” అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చినంత మాత్రాన మామూలు పెయింటు పిగ్మెంటు 3207 కూడా కాదు. అలాంటి ఉత్తరాలు ఫైలు బరువు పెంచడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

అధ్యాయాన్ని కింది నుంచి పైకి చదవండి

మామూలుగా అందరూ మొదట అడిగే ప్రశ్న: ఇది ఆర్గానికా, ఇనార్గానికా? ఆర్గానిక్ అయితే 3204, ఇనార్గానిక్ అయితే 3206. తేలిగ్గా ఉంటుంది, రసాయన శాస్త్రం చదివినవాళ్లకు నచ్చుతుంది కూడా. నా సలహా మాత్రం దీన్ని చివర అడగమని.

కారణం 32వ అధ్యాయపు మూడో నోటులో ఉంది. 3203 నుంచి 3206 దాకా ఉన్న హెడింగులు రంగు పదార్థాలతో చేసిన మిశ్రమాలకూ వర్తిస్తాయని మొదటి వాక్యం అంటుంది. రెండో వాక్యం వెంటనే చెయ్యి అడ్డం పెడుతుంది: 3207, 3208, 3209, 3210, 3212, 3213, 3215 హెడింగుల్లోకి వచ్చే మిశ్రమాలకు మాత్రం వర్తించవు అని. అంటే కింది హెడింగులు ముందు తమ వాటా తీసుకుంటాయి, మిగిలినదే పైకి వెళ్తుంది. అందుకని చదివేటప్పుడు కూడా కిందినుంచే మొదలుపెట్టాలి.

ఇది సిరా తరహానా? అయితే 3215. చిత్రకారులు, విద్యార్థులు, బోర్డులు రాసేవాళ్లు వాడే రంగులా, అదీ ట్యూబులు, సీసాలు, బిళ్లల్లాంటి రూపంలో ఉన్నాయా? అయితే 3213. రంగును పట్టి ఉంచే బైండరుతో సహా పూతకు సిద్ధమైన పెయింటా? ద్రావకంలో ఉంటే 3208, నీటిలో ఉంటే 3209, ఈ రెండూ కాకపోతే 3210. ఇవేవీ కాకపోతే 3212 షరతులు చూడాలి, ఆ తర్వాత 3207. ఇవన్నీ దాటాకే 3205, 3204, 3206. ఇనార్గానిక్ పదార్థాలకైతే 28, 25 అధ్యాయాల గుమ్మం కూడా ఒకసారి తట్టి రావాలి.

చిల్లర ప్యాకింగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రంగు పదార్థాన్ని చిన్న పొట్లాల్లోనో సీసాల్లోనో చిల్లర అమ్మకానికి సర్దితే 3212.90కి వెళ్తుంది. అదే పొడి పాతిక కిలోల సంచిలో వస్తే వెళ్లదు. ఇక్కడ ప్యాకింగే కోడ్‌ను నిర్ణయిస్తుంది. టోకుగా కొని, దారిలో ఏదో దేశపు గిడ్డంగిలో చిన్న పొట్లాలు కట్టించి ముందుకు పంపేవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

3212కూ 3204, 3206లకూ మధ్య: దేనిలో కలిపారు?

కస్టమ్స్ వాళ్లతో ఎక్కువ తగువులు వచ్చేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. 3212లో పిగ్మెంట్ల భాగానికి మూడు షరతులున్నాయి. కలిపిన మాధ్యమం నీరు కాకూడదు. సరుకు ద్రవంగానో పేస్టుగానో ఉండాలి. పెయింటు తయారీలో వాడే తరహాది కావాలి. మూడూ కలిసి రావాలి. ఒక్కటి తప్పినా సరుకు 3204కో 3206కో తిరిగి వెళ్తుంది.

మాస్టర్‌బ్యాచ్‌ను చూడండి. పిగ్మెంటును ప్లాస్టిక్‌లో గాఢంగా కలిపి గుళికలు చేస్తారు. మాధ్యమం నీరు కాదు, నిజమే. కానీ గుళిక ద్రవమూ కాదు పేస్టూ కాదు, పెయింటు కోసమూ కాదు. కాబట్టి 3212 కాదు. పాలిమరే బరువులో ఎక్కువ ఉంది కదా, 39వ అధ్యాయం ఎందుకు కాకూడదని కొందరు అడుగుతారు. ప్లాస్టిక్‌కో రబ్బరుకో రంగు పట్టించడానికి వాడే గాఢ మిశ్రమాలు రంగు హెడింగుల్లోకే వస్తాయని హెచ్‌ఎస్ వివరణ నోట్స్ చెబుతున్నాయి. కార్బన్ బ్లాక్ విడిగా 2803. దాన్ని ప్లాస్టిక్‌లో కలిపిన నల్ల మాస్టర్‌బ్యాచ్ 3206.49.

పీవీసీకి రంగు వేయడానికి ప్లాస్టిసైజరులో (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ద్రవంలో) నూరిన పేస్టు ఇంకా తికమక పెడుతుంది. నీరు లేదు, పేస్టు రూపమే, రెండు షరతులూ కుదిరాయి. మూడోది కుదరలేదు: పెయింటు తయారీకి కాదు. కాబట్టి మళ్లీ 3204 లేదా 3206. ఇలాంటి సరుకుకు సాంకేతిక పత్రంలో “పెయింట్లు, ప్లాస్టిక్‌లు, సిరాలు అన్నిటికీ బాగుంటుంది” అని మార్కెటింగ్ వాళ్లు ఉత్సాహంగా రాసిపెడతారు. ఆ ఒక్క వాక్యం వల్ల మూడో షరతు మీద వాదన తెరుచుకుంటుంది. ఎగుమతి చేసేవాళ్లు ఆ పత్రాలను అమ్మకాల విభాగానికి వదిలేయకుండా వర్గీకరణ చూసే మనిషి చేత ఒకసారి చదివించడం మంచిది.

అల్యూమినియం పేస్టు దీనికి అద్దంలాంటి ఉదాహరణ. అల్యూమినియం రేకు పొడి విడిగా 7603.20. దాన్ని వైట్ స్పిరిట్‌లో తడిపి పెయింటు కోసం పేస్టు చేస్తే 3212.90, ఎందుకంటే ఆ హెడింగు లోహపు పొడులనూ రేకులనూ పేరు పెట్టి పిలుస్తుంది. అదే అల్యూమినియం ప్లాస్టిక్‌కు రంగు వేయడానికి రెజిన్‌తో గుళికలుగా వస్తే 3206.49. ఒకే లోహం మూడు చోట్ల, ఒకటైతే ఏకంగా లోహాల అధ్యాయంలో.

ఇక పెయింటు దుకాణాల్లో యంత్రం నుంచి చుక్కలు చుక్కలుగా పడే టింటర్ల సంగతి. వీటిలో చాలావాటిలో నీరూ గ్లైకాలూ రెండూ ఉంటాయి. ఇది నీటి మాధ్యమమా కాదా? 3209కి సంబంధించిన వివరణ నోట్స్ నీటిని మాత్రమే కాక, నీటిలో కరిగే ద్రావకంతో కలిసిన నీటిని కూడా నీటి మాధ్యమంగానే లెక్కిస్తాయి. అదే తర్కం ఇక్కడికి తెస్తే నీరూ గ్లైకాలూ కలిసిన టింటరు 3212 బయట ఉండాలి, లోపలి పిగ్మెంటును బట్టి 3204.17కో 3206కో వెళ్లాలి. నేనైతే ఆ పక్షమే తీసుకుంటాను. అయితే నీరు పేరుకు మాత్రమే ఉండి మిగతాదంతా గ్లైకాల్ అయినప్పుడు నా ధైర్యం తగ్గుతుంది. అలాంటి సరుకుకు కస్టమ్స్ నుంచి కోడ్ మీద ముందస్తు నిర్ణయం తెచ్చుకోవడమే మేలు. దాని గురించి తర్వాత చెబుతాను.

3206కూ 3207కూ మధ్య: కొలిమి

3207.10లోకి వచ్చే పిగ్మెంట్ల తీరు వేరు. లోహపు ఆక్సైడ్లను, లవణాలను కొలిమిలో వేడిచేసి తయారు చేస్తారు. వాటి అసలు రంగు, లేదా మరుగుపరిచే గుణం, తిరిగి కాల్చినప్పుడు నిలబడాలి. వివరణ నోట్స్ ఆ కాల్పును సాధారణంగా 300 డిగ్రీల సెల్సియస్ పైన అంటాయి. మట్టి ముద్దలో కలిపేవి, గ్లేజులో (గాజులాంటి పై పూతలో) కలిపేవి, గ్లేజు కింద పూసేవి అన్నీ ఇందులోకే వస్తాయి. మిగతా సబ్‌హెడింగులు స్పష్టంగానే ఉంటాయి: గ్లేజులు, ఎనామిల్స్, ఎంగోబులు 3207.20. ద్రవ లస్టర్లు 3207.30. పొడిగానో గుళికలుగానో రేకులుగానో ఉన్న గాజు, ఫ్రిట్‌తో సహా 3207.40.

కోబాల్ట్ నీలం ఎంత దూరం తిరుగుతుందో చూస్తే ఈ హద్దు అర్థమవుతుంది. శుద్ధమైన కోబాల్ట్ అల్యూమినేట్, అంటే థేనార్డ్ బ్లూ, విడి రసాయనంగా 2841లోకి వస్తుంది. దానికి అల్యూమినియం ఆక్సైడ్ కలిపి పిగ్మెంటుగా అమ్మితే 3206.49. సెరామిక్ కోసం, కరగడానికి తోడ్పడే ఫ్లక్సుతోనో ఇతర ఆక్సైడ్లతోనో కాల్చి సిద్ధం చేసిన స్టెయిన్ అయితే 3207.10. మూడూ నీలం పొడులే. కంటితో చూసి ఎవరూ తేల్చలేరు. తయారీ విధానం రాసిన ఒక పేజీ ఉంటే తేల్చవచ్చు.

ఇక్కడ కష్టం ఏమిటంటే, కొలిమిలో కాల్చి చేసే పిగ్మెంట్లు సెరామిక్‌కే పరిమితం కావు. వేడికీ ఎండకూ తట్టుకుంటాయి కాబట్టి వాటిని ప్లాస్టిక్‌లలో, బయటి పూతల్లో కూడా వాడతారు. కాల్చారన్న ఒక్క కారణం 3207కి చాలదు. ఏ తరహాకు గ్రేడు చేశారు, కణాల సైజు ఎంత, ఏ కాల్పు ఉష్ణోగ్రతకు సిఫారసు చేశారు అన్నవి కలిపి చూడాలి. సాంకేతిక పత్రంలో కాల్పు ఉష్ణోగ్రత, సరిపడే గ్లేజు రకం రాసి ఉంటే 3207 వైపు. పాలిమర్ ప్రాసెసింగ్ ఉష్ణోగ్రత, వాతావరణ నిరోధం గురించి రాసి ఉంటే 3206 వైపు.

టైల్స్ మీద డిజిటల్‌గా ముద్రించే సెరామిక్ ఇంక్‌జెట్ సిరా విషయంలో నిబ్బరంగా ఒక మాట చెప్పడం కష్టం. సిరాగా చల్లుతారు, కొలిమిలో కాల్చితేనే రంగు తేలుతుంది. 3215 అనేవాళ్లకూ 3207 అనేవాళ్లకూ చెప్పుకోదగ్గ వాదనలున్నాయి. ఈ సరుకు తెచ్చేవాళ్లు పక్కవాడి కోడ్ చూసి రాయకూడదు.

తెలుపు: 2823, 3206.11, 3206.19

టైటానియం డయాక్సైడ్‌కు విడిగా జాగా ఇస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ అంకెలు తప్పు వేయడం చాలా తేలిక.

ఏమీ కలపని, ఉపరితలానికి ఏ పూతా లేని టైటానియం డయాక్సైడ్ 2823. పిగ్మెంటుగా పనిచేయడానికి కావాలని ఇతర సమ్మేళనాలు చేర్చినా, కణాలకు అల్యూమినా, సిలికా లాంటి పూత వేసినా 3206. పెయింటు గ్రేడు రూటైల్ దాదాపు అంతా పూత ఉన్నదే, అంటే 3206. ఒకప్పుడు ఆహారంలో ఈ171 పేరుతో వాడిన పూతలేని అనటేజ్ లాంటిది 2823. ఐరోపా యూనియన్ ఆహారంలో దాని వాడకాన్ని 2022లో నిషేధించింది. అది అనుమతికి సంబంధించిన విషయం. కోడ్ దానివల్ల మారదు.

3206లోకి వచ్చాక 80 శాతం గీత ఉంది. టైటానియం డయాక్సైడ్ 80 శాతం లేదా అంతకు మించితే 3206.11, తక్కువైతే 3206.19. అయితే ఆ శాతాన్ని లెక్కించాల్సింది పొడి పదార్థం మీద. నీటిలో కలిపిన తెల్లని స్లర్రీ వందకిలోల్లో టైటానియం డయాక్సైడ్ 60 కిలోలు, ఇతర ఘనపదార్థాలు 10, నీరు 30 ఉన్నాయనుకోండి. 60 అంటే 80 కంటే తక్కువ కదా అని 3206.19 రాసేస్తారు. నీరు తీసేస్తే మిగిలేది 70 కిలోలు. 70లో 60 అంటే 85.7 శాతం. కోడ్ 3206.11. ఇప్పుడు 70 శాతం టైటానియం డయాక్సైడ్, 30 శాతం పాలిఎథిలీన్ ఉన్న తెల్ల మాస్టర్‌బ్యాచ్ తీసుకోండి. పాలిఎథిలీన్ ఆరిపోయేది కాదు, పొడి లెక్కలో అదీ ఉంటుంది. కాబట్టి 70 శాతమే, 3206.19. చూడటానికి ఎక్కువ శాతం ఉన్నది .19లోకీ, తక్కువ ఉన్నది .11లోకీ వెళ్లాయి. ఇదే తెల్ల పిగ్మెంటు ఆల్కిడ్ రెజిన్‌లో నూరిన పెయింటు పేస్టుగా వస్తే శాతాలతో పనిలేదు, 3212.90.

ముత్యపు మెరుపునిచ్చే మైకా పిగ్మెంట్లలో అభ్రకం మీద టైటానియం డయాక్సైడ్ పొర ఉంటుంది. అభ్రకం బరువు వల్ల 80 శాతం దాటదు, 3206.19. ఆ పొర ఐరన్ ఆక్సైడ్ మాత్రమే అయితే టైటానియం లెక్కే లేదు, 3206.49.

సుంకం తేడా చూసి 2823, 3206.11ల మధ్య దొంగాట ఆడాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చైనా టైటానియం డయాక్సైడ్ మీద ఐరోపా యూనియన్ 2025 జనవరిలో వేసిన యాంటీ డంపింగ్ సుంకం ఆ రెండు కోడ్‌లనూ కలిపే పట్టుకుంది. తెలివి ఒక పక్షానిదే కాదు.

లేక్ అని పేరున్నదంతా లేక్ కాదు

3205 చిన్న హెడింగు. నీటిలో కరిగే రంగును అల్యూమినా, బేరియం సల్ఫేట్, చైనా క్లే లాంటి ఆధారం మీద పట్టించి, కరగకుండా చేసినవి లేక్‌లు. టార్ట్రజైన్ అల్యూమినియం లేక్ ఇందులోకే వస్తుంది. కోచినీల్ పురుగుల నుంచి తీసిన రంగు సారం 3203 అయితే, దానికి పటిక పట్టించి చేసిన కార్మైన్ లేక్ 3205.

చిక్కంతా పిగ్మెంట్ రెడ్ 57:1 లాంటి వాటితో. సిరా పరిశ్రమలో దాన్ని అలవాటుగా కాల్షియం లేక్ అంటారు. కానీ అక్కడ కాల్షియం ఆధారం కాదు, అణువులోనే లవణంగా కూర్చుంది. ఇలా కాల్షియం, బేరియం లవణాలుగా కరగకుండా మారిన రంగులు 3205 కాదని వివరణ నోట్స్ విడమరిచి చెప్పాయి. అవి 3204.17. సరఫరాదారు ఇన్‌వాయిస్‌లో “లేక్” అని రాస్తే, ఆధారపు పదార్థం ఏమిటి, ఎంత శాతం అని అడగండి. జవాబు లేకపోతే అది 3205 కాదనే అనుమానం బలపడాలి.

చివరికి ఆర్గానికా, ఇనార్గానికా

ఇక్కడిదాకా వచ్చాక పని తేలికే. సీఐ నంబరు, అంటే కలర్ ఇండెక్స్ నంబరు, చాలావరకు దారి చూపుతుంది. 77000 వరసలోవి ఇనార్గానిక్: టైటానియం డయాక్సైడ్ 77891, అల్ట్రామెరీన్ 77007, ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 77491. 75000 వరసలోవి సహజమైనవి. వాటికి కిందివి సింథటిక్ ఆర్గానిక్. ఫ్తాలోసయనిన్ బ్లూ నంబరు 74160.

3204 లోపల వ్యాట్ డైల (బట్టల అద్దకంలో వాడే ఒక రకం రంగుల) దగ్గర ఒక మెలిక ఉంది. వచ్చిన స్థితిలోనే పిగ్మెంటుగా కూడా వాడగలిగే వ్యాట్ డైలు 3204.17 కాదు, 3204.15. కెరోటినాయిడ్లకు 2022 కూర్పులో 3204.18 అని కొత్త సబ్‌హెడింగు ఇచ్చారు. పాత కోడ్‌లు కంప్యూటరులో అలాగే వదిలేసినవాళ్లు ఇది సరిచూసుకోవాలి.

3206 లోపల క్రోమియం సమ్మేళనాలవి 3206.20, అల్ట్రామెరీన్ 3206.41, లిథోపోన్ 3206.42, మిగిలినవి 3206.49. చీకట్లో వెలిగే ఇనార్గానిక్ పొడులు 3206.50. అవి శుద్ధమైన విడి రసాయనాలైనా ఇక్కడే ఉంటాయి, 28వ అధ్యాయానికి పోవు. మిగతా ఇనార్గానిక్ వాటికి మాత్రం ఆ ఔదార్యం లేదు. ఏమీ కలపని జింక్ ఆక్సైడ్ 2817, ఐరన్ ఆక్సైడ్ 2821, శుద్ధమైన లెడ్ క్రోమేట్ 2841. లెడ్ సల్ఫేట్‌తో కలిసిన క్రోమ్ ఎల్లో అయితే 3206.20. సహజమైన మట్టిరంగుల్లో సంయుక్త ఇనుము, ఐరన్ ఆక్సైడ్‌గా లెక్కకట్టి, 70 శాతం చేరితే 2821, చేరకపోతే 2530. కాల్చినా, ఒకదానితో ఒకటి కలిపినా ఆ 2530 మారదు.

ఆర్గానిక్, ఇనార్గానిక్ పిగ్మెంట్లు రెండూ కలిపిన పొడి వస్తే? అసలు గుణం దేనివల్ల వస్తోందో చూడమంటుంది హెచ్‌ఎస్ వర్గీకరణ సాధారణ నియమం 3(బి). బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. కొద్దిపాటి ఆర్గానిక్ పిగ్మెంటు మొత్తం రంగును లాగేయగలదు. ఎంతకీ తేలకపోతే నియమం 3(సి) ప్రకారం అంకెల్లో చివరిది, అంటే 3206.

కాల్షియం కార్బొనేట్, టాల్క్, కెయోలిన్ లాంటి పూరకాలను రంగు పదార్థంగా లెక్కించకూడదని 32వ అధ్యాయపు ఐదో నోటు చెబుతుంది. అందుకే “వైట్ మాస్టర్‌బ్యాచ్” పేరుతో వచ్చే ఫిల్లర్ మాస్టర్‌బ్యాచ్‌లో టైటానియం లేకుండా కాల్షియం కార్బొనేటే ఉంటే అది 3206 కాదు. పేరు తెల్లగా ఉందని మోసపోకండి.

కోడ్ రాయడానికి ముందు చేతిలో ఏం ఉండాలి

భద్రతా పత్రం ఒక్కటే సరిపోదు. అందులో ప్రమాదకరం కాని పదార్థాలు రాయనక్కరలేదు, మిగతావాటిని కూడా పెద్ద శ్రేణుల్లో రాస్తారు. 80 శాతం గీత దగ్గర “60 నుంచి 90 శాతం” అన్న సమాచారం దేనికీ పనికిరాదు. సరఫరాదారు నుంచి సంతకంతో తీసుకోవాల్సింది: బరువు శాతాలతో పూర్తి కూర్పు, సీఐ నంబర్లు, రసాయనాలను గుర్తించే క్యాస్ నంబర్లు, మాధ్యమం ఏమిటి, నీరు ఉంటే ఎంత, బైండరు ఉందా, ఉపరితల పూత ఉందా, కాల్చారా, ప్యాకింగ్ సైజు. వ్యాపార రహస్యం అంటే, కూర్పును నేరుగా కస్టమ్స్‌కే పంపమని అడగవచ్చు. కస్టమ్స్ ప్రయోగశాల ఎలాగూ నమూనాను కాల్చి బూడిద తూస్తుంది, ఎక్స్ కిరణాలతో లోహాలు చూస్తుంది. వాళ్లకు తెలిసేది మీకు ముందే తెలిసి ఉండాలి.

అనుమానం మిగిలితే ముందస్తు నిర్ణయం కోరండి. ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. అందులోని మూడో అధికరణం ఇలాంటి నిర్ణయాలిచ్చే ఏర్పాటును సభ్యదేశాల బాధ్యతగా చేసింది. ఐరోపా యూనియన్‌లో ఇలా ఇచ్చే నిర్ణయం మూడేళ్లు చెల్లుతుంది. అక్కడి ఈబీటీఐ, అమెరికా కస్టమ్స్ వారి క్రాస్ అనే డేటాబేస్‌లలో పాత నిర్ణయాలను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. మీ దేశానికి అవి కట్టుబాటు కాకపోయినా, మీ సరుకులాంటిదానికి ఏ తర్కం వాడారో తెలుస్తుంది. కోడ్ కంటే ఆ తర్కమే ఎక్కువ పనికొస్తుంది.

కొనుగోలు ఆర్డరులో ఒక షరతు చేర్చుకోవడం మర్చిపోవద్దు: మాధ్యమంగానీ, పూతగానీ, ప్యాకింగ్‌గానీ మార్చితే సరుకు బయల్దేరకముందే తెలపాలని. ద్రావకాల నుంచి నీటికి మారుతున్న తయారీదారులు చాలామంది పాత ఉత్పత్తి పేరునూ పాత లేబులునూ అలాగే ఉంచి, లోపల మాత్రం వైట్ స్పిరిట్ బదులు నీళ్లు పోస్తున్నారు. డ్రమ్ము మీద అదే పేరు ఉంటుంది, మీ కంప్యూటరులో అదే 3212.90 ఉంటుంది, లోపలి సరుకు మాత్రం అప్పటికే 3204.17కి మారిపోయి ఉంటుంది.